నెల డబ్బుకు వారం లెక్క

హైదరాబాద్ కొండాపూర్‌లో ధరలు విద్యార్థిని చూసి పెట్టినవి కావు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ చుట్టుపక్కల పుట్టిన హాస్టళ్ళు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, టీ కొట్లు అన్నీ ఐటీ ఉద్యోగులను నమ్ముకున్నవే. కొత్తగూడ చౌరస్తా నుంచి బొటానికల్ గార్డెన్ వైపు నడిచినా, రాఘవేంద్ర కాలనీ సందుల్లో తిరిగినా ఈ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఒకటో తారీఖున జీతం పడేవాళ్ళకు బరువనిపించని రేటే ఇక్కడ బోర్డు మీద ఉంటుంది. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో బతికే విద్యార్థి కూడా ఆ బోర్డు ముందే నిలబడాలి. ఈ అధ్యాయం ఆ విద్యార్థి కోసం.

అలాంటివాళ్ళు ఇక్కడ తక్కువేం కాదు. గచ్చిబౌలి వైపు 1974లో ఏర్పడిన సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 1998లో వచ్చిన ట్రిపుల్ ఐటీ, ఉర్దూ యూనివర్సిటీ కూడా అటే. కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ, మాదాపూర్‌లో నిఫ్ట్. క్యాంపస్ హాస్టల్లో సీటు వస్తే రెండో ఆలోచన లేకుండా చేరిపోండి. మెస్ కూర నచ్చలేదని, గదిలో నలుగురున్నారని ఆ సీటు వదులుకుని బయట గది తీసుకోవడం మొదటి ఏడాదిలో చేసే అన్నిటికన్నా ఖరీదైన పని. సీటు రానివాళ్ళు, హాస్టలే లేని కాలేజీలో చదివేవాళ్ళు, ఇంటర్న్‌షిప్ కోసం ఇటు వచ్చినవాళ్ళు కొండాపూర్ హాస్టళ్ళలో చేరతారు. ఇక్కడి నుంచి చెప్పేది వాళ్ళకు.

ఇంటి నుంచి డబ్బు నెలకోసారి వస్తుంది, ఖర్చు రోజూ అవుతుంది. నెల మొత్తానికి లెక్క వేసుకుంటే తప్పు బయటపడేది ఇరవయ్యో తారీఖు దాటాకే. అప్పటికి సర్దుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. పోనీ రోజువారీ రాసుకుందామంటే నాలుగో రోజుకే విసుగొస్తుంది. పైగా ఒక రోజు ఇరవై రూపాయలతో గడిచిపోతుంది, ఇంకో రోజు రికార్డు జిరాక్సులకే రెండు వందలవుతాయి. వారమైతే ఈ ఎగుడుదిగుళ్ళు అందులోనే సర్దుకుంటాయి. మంగళవారం చెయ్యి జారినా శనివారంలోపు కూడదీసుకోవచ్చు.

మన దగ్గర పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకున్న కాలం మరీ పాతదేమీ కాదు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. ఏడిళ్ళు కుదిరాయంటే చదువు సాగుతుంది. ఒక ఇల్లు తప్పిపోతే ఏ రోజు పస్తో ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ రోజుకు మరో ఇల్లు చూసుకునేవారు. పల్లెల నుంచి పట్నం వచ్చిన పిల్లలకు తిండి, పడక కుదరక చదువు ఆగిపోకూడదనే హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ లాంటివి పుట్టాయి. ఎక్కడ కొరత పడుతుందో ముందే చూసుకోవడం ఆ తరం పిల్లలకు బాగా తెలుసు. వారం లెక్క వేసుకోమని అడుగుతున్నది కూడా అందుకే.

నాలుగుతో భాగించకండి

ఒక లెక్క వేసి చూద్దాం. ఇంటి నుంచి 14,000 వస్తుందనుకుందాం. మూడు పూటలా తిండితో త్రీ షేరింగ్ గదికి 8,000 కట్టారు. మిగిలింది 6,000. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఈ ఆరు వేలూ ఖర్చుకు ఉన్నట్టు కాదు. ఫోన్ రీఛార్జ్, బస్ పాస్, బట్టల సబ్బులకు 1,000 ముందే పక్కన పెట్టాలి. రీఛార్జ్ దగ్గర చాలామంది గమనించని సంగతి ఒకటుంది. చాలా ప్లాన్లు 28 రోజులవే. అంటే ఏడాదికి పన్నెండు సార్లు కాక పదమూడు సార్లు వేయించాలి. ఆ పదమూడోది ఎప్పుడూ అనుకోని ఖర్చులాగే వచ్చి పడుతుంది. తర్వాత ఇంటికి వెళ్ళే ఖర్చు. దసరాకో సంక్రాంతికో ఊరెళ్ళాలంటే పండగ స్పెషల్ బస్సులో టికెట్ మామూలు మీద ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది. నెలకు 800 చొప్పున తీసి పెట్టుకుంటే ఆ రోజున ఎవరినీ అడగనక్కర్లేదు. జ్వరమొస్తే మందులకు, పగిలిన కళ్ళజోడుకు, కట్టాల్సిన ఏ పరీక్ష ఫీజుకో మరో 500.

ఇవన్నీ పోగా 3,700 మిగులుతుంది. అందరూ చేసే పొరపాటు ఇక్కడే. నెలకు నాలుగు వారాలని నాలుగుతో భాగిస్తారు. వారానికి 925 వస్తుంది, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ నాలుగు వారాలంటే 28 రోజులే. ఫిబ్రవరి తప్ప ఏ నెలలోనైనా చివరి రెండు మూడు రోజులకు లెక్కలో పైసా లేదు. ప్రతి నెలాఖరునా పక్కవాళ్ళ దగ్గర రెండు వందలు చేబదులు తీసుకునే అలవాటు చాలామందికి పట్టుకునేది ఈ లెక్క వల్లే. దుబారా చేయని పిల్లలు కూడా ఇందులో ఇరుక్కుంటారు.

ముప్పైతో భాగించి ఏడుతో హెచ్చవేయండి. 3,700ను ముప్పైతో భాగిస్తే రోజుకు 123 రూపాయల చిల్లర, వారానికి 863. దాన్ని 860 అనుకోండి. నాలుగు వారాలకు 3,440 పోను 260 మిగులుతుంది. ఆఖరి రెండు రోజులు ఆ 260తో గడుస్తాయి. ముప్పై ఒకటి ఉన్న నెలలో అదే డబ్బును మూడు రోజులకు సర్దండి.

వారం ఏ రోజు మొదలవ్వాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో చాలా ముఖ్యం. శనివారం మొదలుపెడితే వారం డబ్బులో సగం ఆదివారం రాత్రికే అయిపోతుంది, మిగతా అయిదు రోజులూ కటకట. సోమవారం మొదలుపెట్టండి. శుక్రవారం సాయంత్రం ఎవరైనా బయటికి రమ్మన్నప్పుడు ఎంత మిగిలిందో చూసుకుంటే, వెళ్ళాలో వద్దో అదే చెబుతుంది.

డబ్బు కళ్ళకు కనపడాలి

చేతిలో నోట్లున్నప్పుడు పర్సు పలచబడటం కంటికి కనిపించేది. ఇప్పుడు టీ దగ్గర్నుంచి ఆటో దాకా అంతా ఫోన్ మీదే. ఇరవై, నలభై, అరవై అంటూ పోయినవి పోయినట్టే తెలియదు. నెల డబ్బంతా ఒకే ఖాతాలో ఉంటే మొదటి వారంలో ఎంత ఖర్చు పెట్టినా ఇంకా చాలా ఉన్నట్టే ఉంటుంది.

దీనికి ఉపాయం మీ ఫోన్లోనే ఉంది. 2022లో వచ్చిన యూపీఐ లైట్‌లో అయిదు వేల దాకా ఉంచుకోవచ్చు, ఒక్కోసారికి వెయ్యి దాకా పిన్ లేకుండా కట్టొచ్చు. సోమవారం పొద్దున్నే అందులో 860 వేయండి. అయిపోతే తనంతట తానే నింపుకునే ఆటో టాపప్ ఆప్షన్‌ను ఆపేయండి. ఆ వారం టీ, టిఫిన్, జిరాక్స్, ఆటో అన్నీ అందులోంచే కట్టండి. మిగిలినదెంతో ఎప్పుడు కావాలంటే అప్పుడు కనిపిస్తుంది. లైట్‌లో డబ్బు చాలనప్పుడు చెల్లింపు బ్యాంకు ఖాతా వైపు మళ్ళి పిన్ అడుగుతుంది. మీరు ఆగాల్సింది సరిగ్గా అక్కడే. పిన్ కొట్టే ముందు ఇది ఈ వారమే కావాలా అని అడగండి. పిన్ అక్కర్లేదు కాబట్టి ఫోన్‌కు లాక్ తప్పనిసరిగా ఉండాలి. విడివిడి చెల్లింపులు బ్యాంకు పాస్‌బుక్‌లో రావు, యాప్ హిస్టరీలోనే చూసుకోవాలి. ఫోన్ మీద నమ్మకం లేకపోతే సోమవారం నోట్లు తీసుకుని ఆ వారమంతా నోట్లతోనే గడపండి. పాతదైనా గట్టి పద్ధతి.

తిండి దగ్గర

విద్యార్థి లెక్క తప్పేది ఎక్కువగా తిండి దగ్గరే. అందులోనూ రెండోసారి కొన్న తిండి దగ్గర. హాస్టల్ ఫీజులో మూడు పూటలకూ డబ్బు ముందే కట్టేశారు. పొద్దున లేవడం ఆలస్యమై టిఫిన్ పోగొట్టుకుని, రోడ్డు మీద బండి దగ్గర ప్లేటు దోసె తింటే ఒకే పూటకు రెండుసార్లు కట్టినట్టే. ఉద్యోగులుండే హాస్టళ్ళలో పొద్దున్నే మధ్యాహ్నానికి బాక్స్ కట్టుకోనిస్తారు. ఆ వంటావిడను ఒకసారి మర్యాదగా "అక్కా, నాకూ బాక్స్ పెట్టుకోవచ్చా?" అని అడిగితే చాలు. కాలేజీ క్యాంటీన్ ఖర్చు వారానికి నాలుగైదు వందలు తగ్గుతుంది. ఇంతకన్నా పెద్ద పొదుపు మీ లెక్కలో ఇంకెక్కడా దొరకదు.

కొన్ని హాస్టళ్ళలో ఆదివారం మధ్యాహ్నం చికెనో బిర్యానీయో పెట్టి రాత్రి వంట చేయరు. అందరూ ఫోన్ తీసేది అప్పుడే. యాప్‌లో బిర్యానీ 240 అని ఉంటుంది. కింద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్టీ వరసగా చేరతాయి. ఆ ప్లాట్‌ఫామ్ ఫీజు 2023లో రెండు రూపాయలతో మొదలై ఇప్పుడు పది దాటింది. కట్టేసరికి 310 అయిందనుకోండి. మీ 860లో మూడో వంతుకు పైనే ఆ ఒక్క రాత్రికి పోయింది. ఇదే బిర్యానీని నడిచి వెళ్ళి తెచ్చుకుంటే చాలాచోట్ల ధరే తక్కువ, పైన పడే ఫీజులూ ఉండవు. బిర్యానీ మానేయమనడం లేదు. తినాలనిపించినప్పుడు సోమవారమే దానికి డబ్బు పక్కన పెట్టుకుని, ఆదివారం నడిచి వెళ్ళి హాయిగా తినండి.

మిగతా ఆదివారాలకు కర్రీ పాయింటు ఉండనే ఉంది. సాయంత్రం ఏడింటికి అక్కడ స్టీలు గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి. టమాటా పప్పు, బెండకాయ వేపుడు, గుత్తి వంకాయ, సాంబారు. గరిటెతో తీసి కవర్లో పోసి, గాలి ఉబ్బేలా పట్టుకుని దారంతో గిర్రున చుట్టి చేతిలో పెడతారు. ఒక ప్యాకెట్ కూర ముగ్గురికి చాలకపోయినా, ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పెరుగు ప్యాకెట్ కలిస్తే ముగ్గురికీ సరిపోతుంది. హాస్టల్లో ఎలక్ట్రిక్ కుక్కర్ ఒప్పుకుంటే బియ్యం మీరే వండుకోవచ్చు, ఒప్పుకోకపోతే అన్నం కూడా అక్కడే అమ్ముతారు. మనిషికి యాభై అరవైలో కడుపు నిండుతుంది. గది తీసుకుని వండుకునేవాళ్ళయితే కూరగాయలకు కూకట్‌పల్లి రైతు బజార్ దాకా వెళ్ళడం దండగేమీ కాదు. 1999లో రైతు నేరుగా అమ్ముకోవడానికి మొదలైన ఈ బజార్లలో ధర బోర్డు మీద రాసి ఉంటుంది, బేరం అక్కర్లేదు. వారానికోసారి ఇద్దరు కలిసి వెళ్ళండి.

జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనం ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ల పేరుతో నడుస్తోంది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. పనివాళ్ళతో పాటు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఎంతోమంది అక్కడ తిన్నారు. లైన్లో నిలబడటం నామోషీ అనుకోకండి. కాలేజీ దారిలో అలాంటి క్యాంటీన్ ఉంటే ఎక్కడుందో తెలుసుకుని పెట్టుకోండి.

టీ సంగతి కూడా చెప్పాలి. ఇరవై రూపాయల టీ రోజుకు రెండుసార్లయితే వారానికి 280. అది కూడా మూడో వంతే. స్నేహితులతో నిలబడి తాగే సాయంత్రం టీ ఉంచుకోండి. పొద్దున టీ హాస్టల్లో ఇస్తారు.

జీతం ఉన్న రూమ్మేటు

కొండాపూర్ హాస్టళ్ళలో ఇదొక ప్రత్యేకమైన ఇబ్బంది. మీ పక్క మంచం మీద ఉండేది మీకన్నా మూడేళ్ళు పెద్ద, నెలకు నలభై వేలు తెచ్చుకునే మనిషి కావచ్చు. మంచివాళ్ళే, ప్రేమగానే పిలుస్తారు. "రేయ్, ఏఎంబీలో టికెట్లు దొరికాయి, వస్తున్నావా?" అంటారు. సినిమా, పాప్‌కార్న్, తిరుగు ప్రయాణంలో తిండి, అన్నీ అయ్యాక బిల్లును సమానంగా పంచుతారు. వాళ్ళ జీతంలో అది లెక్కలోకి రాదు, మీకు మాత్రం ఒక వారం మొత్తం.

ఇక్కడ "డబ్బుల్లేవు" అని చెప్పడానికి మొహమాటపడి చాలామంది వెళ్ళిపోతారు, లేదా తలనొప్పని అబద్ధం చెబుతారు. రెండూ అక్కర్లేదు. "ఈ వారం నా లెక్క అయిపోయింది అన్నా, వచ్చే వారం ముందే చెప్పు, వస్తా" అనండి. ఈ మాటలో జాలి అడగడం లేదు, దాపరికం లేదు. లెక్క పెట్టుకుని బతికేవాళ్ళను జీతగాళ్ళు తక్కువగా చూడరు, ఎక్కువగానే చూస్తారు. పంపకం సంగతి మాత్రం ఆర్డర్ ఇచ్చే ముందే తేల్చుకోవాలి. "నాది నేను కడతాను" అని మొదట్లో చెబితే మామూలు మాటగానే ఉంటుంది. బిల్లు వచ్చాక అదే మాట అంటే ఇద్దరికీ ఇబ్బంది.

గది తీసుకునేటప్పుడు కొన్ని సంగతులు. అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు, మెయింటెనెన్స్ పేరుతో ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సెలవుల్లో ఇంటికెళ్తే ఫీజు తగ్గుతుందా అన్నవి చేరకముందే అడిగి, రసీదు మీద రాయించుకోండి. చేరే ముందు రాత్రి భోజనం ఒకసారి తిని చూడండి. త్రీ షేరింగ్‌కూ టూ షేరింగ్‌కూ నెలకు 2,500 తేడా ఉందంటే వారానికి 575 పైమాటే. అంత డబ్బు పెట్టి కొనుక్కోవాల్సినంత ప్రశాంతత మీ చదువుకు నిజంగా కావాలో లేదో మీకే తెలుసు.

ప్రయాణం దగ్గర అమ్మాయిలకు పెద్ద వెసులుబాటు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు బ్యాగులో ఉంటే చాలు. సికింద్రాబాద్‌కు 10హెచ్, కోఠికి 127కె కొండాపూర్ నుంచే బయల్దేరతాయి. అబ్బాయిలు కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే స్టూడెంట్ పాస్ తీసుకోవాలి. హఫీజ్‌పేట స్టేషన్ దగ్గర్లో ఉంటే ఎంఎంటీఎస్ మెట్రో కన్నా ఎంతో చవక, కాకపోతే రైలు వేళలు చూసుకుని బయల్దేరాలి. బైక్ ట్యాక్సీని పరీక్షకు ఆలస్యమైన రోజుకు ఉంచుకోండి.

రాని డబ్బు, అప్పు డబ్బు

స్కాలర్‌షిప్ మంజూరైందన్న మెసేజ్ చూసి ఖర్చు పెట్టినవాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అయినా, మెయింటెనెన్స్ సొమ్ము అయినా ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఖాతాలో పడేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పడ్డాక కూడా ఆ వారం లెక్కలో కలపకుండా వచ్చే సెమిస్టర్ ఖర్చులకు దాచండి.

వ్యవసాయం మీద బతికే ఇళ్ళ పిల్లలకు ఇంకో సంగతి. మీ ఇంట్లో డబ్బు నెలనెలా రాదు. పత్తి అమ్మినప్పుడు, వడ్ల డబ్బు పడినప్పుడు వస్తుంది. నాన్న ప్రతి నెలా ఎక్కడో సర్ది పంపుతున్నాడంటే ఆ సర్దుబాటుకు వడ్డీ ఉండే ఉంటుంది. సెమిస్టర్ మొదట్లోనే ఎంత కావాలో కాగితం మీద రాసి "నాన్నా, జూన్ దాకా ఇంత అవుతుంది" అని చెప్పండి. పంట డబ్బు వచ్చినప్పుడే పక్కన పెట్టే వీలు ఆయనకు దొరుకుతుంది.

ఇక అప్పు యాప్‌లు. 2020 చివర్లో తెలంగాణలో వీటి వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ తర్వాత 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు తెచ్చింది. అప్పు నేరుగా మీ ఖాతాలోకే రావాలి, మొత్తం వడ్డీ ఎంతో ముందే కాగితం మీద చూపాలి, మీ ఫోన్లోని నంబర్లు, ఫొటోలు తీసుకోకూడదు. కాంటాక్ట్స్ చూడనివ్వమని అడిగే ఏ అప్పు యాప్‌నైనా అక్కడికక్కడే తీసేయండి. ఇప్పటికే ఇరుక్కుని బెదిరింపులు వస్తుంటే 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. వారం డబ్బు రెండింతలు చేసుకుందామని వాటి జోలికి వెళ్ళినవాళ్ళు సెమిస్టర్ ఫీజు కూడా పోగొట్టుకున్నారు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక వారం లెక్క తప్పుతుంది. జ్వరమొస్తుంది, ఫోన్ పగులుతుంది, పక్కన పెట్టిన అయిదు వందలూ అయిపోతాయి. అప్పుడు చాలామంది పిల్లలు రాత్రి భోజనం మానేస్తారు, ఇంటికి ఫోన్ చేస్తే "తిన్నానమ్మా" అంటారు. దయచేసి అలా చేయకండి. మీరు పస్తుండి మిగిల్చే వంద రూపాయలు మీ ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. ఆ వారం సినిమా మానేయండి, బయటి టీ మానేయండి, నడవండి. తిండి మాత్రం తగ్గించకండి. ఎంత తక్కువ పడిందో, ఎందుకు పడిందో అంకెలతో సహా అమ్మకు చెప్పి అడగండి.